పన్నెండు టిక్కులు

ఆఫీసుకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టి పదకొండు వారాలైంది. 2025 జూన్ 2, సోమవారం మొదటి రోజు. అప్పట్నుంచి ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు, ట్రాఫిక్ ఎట్లా ఉంది, అలవాటైందా అని. ట్రాఫిక్ అలవాటవుతుంది. నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా బండి మీద గంట, వాన పడితే గంటన్నర, మొదటి వారం నడుం పట్టేసింది, మూడో వారానికి సర్దుకుంది. నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు. ఐదేళ్లు నెల్లూరు జిల్లా కావలిలో మా ఇంట్లో కూర్చుని పనిచేశాను కదా, ఆఫీసుకి తిరిగొచ్చాక నా దగ్గర్నుంచి పోయిందేమిటో నాకే అర్థం కావడానికి ఇన్ని రోజులు పట్టింది. అది మా అమ్మ ఇన్సులిన్ పెన్ను దగ్గర అర్థమైంది.

ముందు పాత సంగతి చెప్పాలి. 2020 మార్చి 20, శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. రెండు జతల బట్టలు, ఆఫీసు ల్యాప్‌టాప్, అంతే. ఒక వారం ఉండి వచ్చేద్దాం అనుకున్నాం. ఆదివారం జనతా కర్ఫ్యూ, మంగళవారం రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అని చెప్పారు. ఆ వారం ఐదేళ్లయింది. ఆగస్టు దాకా చూసి హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి, సామాను ట్రాలీలో వేయించి తెప్పించుకున్నాం.

మా నాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన ట్యూషన్ చెప్పిన టేకు బల్ల వరండా పక్కగదిలో ఉంది, ఆయన పోయాక దాని మీద అమ్మ ఆరిన బట్టలు పెట్టేది. ఆ బట్టలు తీసి, తుడిచి, దాని మీదే ల్యాప్‌టాప్ పెట్టాను. మొదట్లో ఫోన్ హాట్‌స్పాట్‌తో నానా తంటాలు, కాల్‌లో ఉండగా సిగ్నల్ పోతే మేడ మీదికి పరిగెత్తడం. తర్వాత ఫైబర్ నెట్ పెట్టించాను, ఇన్వర్టర్ పెట్టించాను, అది ఆగితే ఇంకొకటి అని రెండో సిమ్ కూడా. ఇవన్నీ నా డబ్బుతోనే, దాని గురించి బాధ లేదు, పని ఆగకూడదన్నదే నా పట్టుదల.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇంట్లో కూర్చుంటే పని జరగదు అనే మాట ఎక్కువగా వింటున్నాను, అది వింటే నాకు కష్టంగా ఉంటుంది. 2021 నవంబర్‌లో పెన్నాకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, నెల్లూరు వైపు హైవే తెగింది, ఆ రోజుల్లో కూడా మా టీమ్ పని ఆగలేదు. 2023 డిసెంబర్ మొదటి వారం ఇంకా బాగా గుర్తు. మిచాంగ్ తుపాను. చెన్నై మునిగిపోయింది, అక్కడున్న మా వాళ్లలో ఇద్దరికి కరెంటు లేదు, ఒకరి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. తుపాను అట్లాగే కోస్తా పట్టుకుని పైకొచ్చి 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు రాత్రి కావలిలో గాలికి మా కొబ్బరిచెట్టు మట్టలు వచ్చి కిటికీకి కొడుతున్నాయి. ఇన్వర్టర్ రెండింటికి ఆగిపోయింది. నేను మా తమ్ముడి వరసయ్యే అబ్బాయి కారులో కూర్చుని, ఫోన్ కారు ఛార్జర్‌కి పెట్టి, ల్యాప్‌టాప్‌లో మిగిలిన బ్యాటరీతో చెన్నై వాళ్ల పని కూడా పూర్తి చేసి నాలుగింటికి లోపలికొచ్చాను. అందరూ ఒకే బిల్డింగ్‌లో ఉండుంటే ఆ రాత్రి ఎవరు చేసేవాళ్లు? మెచ్చుకోలు కోసం అడగట్లేదు. ఇంటి నుంచి పని అంటే ఏంటో లెక్కవేసేటప్పుడు ఆ రాత్రిని కూడా లెక్కలో వేయాలని అడుగుతున్నాను.

కంపెనీలు ఎందుకు పిలుస్తున్నాయో నాకు తెలియక కాదు. మా ఆఫీసు ఉన్నది సెజ్‌లో, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలో. సెజ్ అంటే అక్కడి యూనిట్‌లో పనిచేస్తేనే పన్ను రాయితీలు. అందుకే ఇంటి నుంచి పనికి కేంద్రం ప్రత్యేకంగా ఒక రూలు తేవాల్సి వచ్చింది, 2022 జూలైలో 43ఏ అని. మొదట సగం మందికి, ఏడాది పాటు అన్నారు, ఆ డిసెంబర్‌లో అందరికీ అన్నారు, గడువు 2023 డిసెంబర్ దాకా, మళ్లీ పెంచి 2024 డిసెంబర్ దాకా ఇచ్చారు. గడువు దగ్గర పడిన ప్రతిసారీ మా ఇంట్లో అదే చర్చ, పాపని ఇక్కడే చేర్పిద్దామా, అక్కడ చూద్దామా అని. మూడుసార్లు ఫీజు కట్టబోయి ఆగాం. చివరికి మెయిల్ వచ్చింది, జూన్ నుంచి వారానికి ఐదు రోజులు, అందరూ. మెయిల్ వచ్చింది మే మొదటి వారంలో. అప్పటికే హైదరాబాద్ స్కూళ్లలో సీట్లు చాలావరకు అయిపోయాయి. కొంచెం జనవరిలోనో ఫిబ్రవరిలోనో చెప్పుంటే, పిల్లల చదువులున్న వాళ్లంతా ఊపిరి పీల్చుకునేవాళ్లు. దానికి కంపెనీకి రూపాయి ఖర్చు లేదు.

ఇక అసలు విషయం.

ఇంట్లో పనిచేసిన ఐదేళ్లలో నేను రోజుకి తొమ్మిది గంటలకి తక్కువ ఎప్పుడూ పని చేయలేదు, అమెరికా వాళ్లతో కాల్ ఉంటే పది, పదిన్నర. ఆ గంటల్లోంచి ఇంటికి ఏమీ దొంగిలించలేదు. కానీ రెండు కాల్స్ మధ్య పది నిమిషాలు దొరుకుతాయి చూడండి, రాసిన కోడ్ ప్రోగ్రామ్‌గా తయారయ్యే బిల్డ్ నడుస్తుండగా ఏడెనిమిది నిమిషాలు, ఎవరో మీటింగ్‌కి ఆలస్యంగా వస్తే ఐదు నిమిషాలు. ఆ సందుల్లోనే మా ఇల్లు నడిచింది. అమ్మ కంట్లో చుక్కలు వేయడం, గ్యాస్ బండ మార్చడం, మూడున్నరకి వీధి చివర స్కూల్ వ్యాన్ దగ్గర నిలబడి పాప బ్యాగ్ అందుకోవడం, షుగర్ ఉన్న మనిషి కాబట్టి వారానికోసారి అమ్మ అరికాళ్లు చూడటం, పుండు గానీ పగుళ్లు గానీ ఉన్నాయేమోనని. ఒక్కోటి నాలుగు నిమిషాల పని. ఏదీ సెలవు పెట్టేంత పని కాదు, ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకునేంత పనీ కాదు. మనిషి పక్కనుంటే జరిగిపోతుంది, లేకపోతే ఆగిపోతుంది.

ఆఫీసులోనూ ఆ పది నిమిషాలు ఉన్నాయి. టీ తాగుతాం, కారిడార్‌లో నిలబడతాం. అవే పది నిమిషాలు. కాకపోతే ఇప్పుడవి మా ఇంటికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

అమ్మని మాతో తీసుకురాలేదా అని అడుగుతారు. తీసుకొచ్చాం. పందొమ్మిది రోజులు ఉంది. కావలిలో ఆమె పొద్దున లేచి అరుగు మీద కూర్చుంటే పాలబ్బాయి దగ్గర్నుంచి గుడికెళ్లే వాళ్ల దాకా పదిమంది పలకరిస్తారు. ఇక్కడ ఐదో అంతస్తు, తలుపులన్నీ మూసి ఉంటాయి, నేను, మా ఆవిడ, పాప ఎనిమిదిన్నరకల్లా వెళ్లిపోతే సాయంత్రం దాకా మనిషి అలికిడి ఉండదు. లిఫ్ట్‌లో అంకెలు కనపడక రెండుసార్లు వేరే అంతస్తులో దిగింది. పందొమ్మిదో రోజు రాత్రి నా పక్కన కూర్చుని, "ఎంతసేపని గోడల్తో మాట్లాడేది నాయనా, నన్ను కావలి బండెక్కించు, నువ్వు టెన్షన్ పడబాక" అంది. అంత నెమ్మదిగా అడిగితే కాదనలేకపోయాను.

అమ్మకి షుగర్ వల్ల కుడికంట్లో రెటీనా దెబ్బతింది. నెల్లూరులో లేజర్ చేయించాం, ఉన్న చూపు నిలిచింది గానీ పోయింది రాలేదు. ఇన్సులిన్ పెన్ను మీద చిన్న కిటికీలో అంకె ఉంటుంది, ఎన్ని యూనిట్లు తిప్పామో చూపించేది, పెసరగింజంత. అది ఆమెకి కనపడదు. పొద్దున పద్దెనిమిది, రాత్రి పన్నెండు యూనిట్లు. రాత్రిది ఏడున్నరకి, భోజనానికి అరగంట ముందు. ఐదేళ్లు అది నా పని. ఏడున్నరకి నాకు అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది, మ్యూట్‌లో పెట్టి, నాయన బల్ల దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి ఏడడుగులు, పెన్ను తిప్పడం, పొట్ట మీద నిన్న వేసిన చోటికి రెండు వేళ్లు పక్కన వేయడం, పది లెక్కపెట్టి సూది తీయడం, తిరిగి ఏడడుగులు. కాల్‌లో ఉన్న వాళ్లెవరికీ నేను లేచానని కూడా తెలియదు.

ఇప్పుడు ఏడున్నరకి నేను గచ్చిబౌలిలో ఉంటాను. మొదటి రోజుల్లో ఏం చేశామంటే, ఆ పెన్ను తిప్పితే యూనిట్‌కి ఒక టిక్కు వినిపిస్తుంది. అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి స్టవ్ గట్టు మీద ఉంచి తిప్పుతుంది. నేను సీటు దగ్గర్నుంచి లేచి మెట్ల తలుపు బయటికొచ్చి, అక్కడైతే హాలు గోల ఉండదు, ఫోన్ చెవికి నొక్కిపెట్టి వింటాను. టిక్కు. టిక్కు. టిక్కు. అమ్మ కూడా పైకే లెక్కపెడుతుంది, ఇద్దరం కలిసి పన్నెండు దగ్గర ఆగుతాం. "పన్నెండేనా?" "పన్నెండేమ్మా." ఒకరోజు మెట్ల మీద ఎవరో గట్టిగా మాట్లాడుతూ దిగారు, నాకు పదకొండా పన్నెండా తెలియలేదు. మళ్లీ సున్నాకి తెచ్చి మొదట్నుంచి తిప్పించాను. డాక్టర్‌కి చెప్తే, టిక్కుల లెక్క ఒక్కదాన్నే నమ్మొద్దు, కళ్లు బాగున్న మనిషి అంకె చూడాల్సిందే అన్నారు. అప్పట్నుంచి పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి రెండు పూటలా వచ్చి అంకె చూసి వెళ్తోంది. ఆ అమ్మాయి రుణం నేను తీర్చుకోలేను.

అయినా జూలైలో ఒకసారి జరగనే జరిగింది. ఇన్సులిన్ వేసుకుంది, ఆ అమ్మాయి చూసి వెళ్లింది, ఇంతలో పెళ్లి పిలుపుకి చుట్టాలొచ్చారు, మాటల్లో పడి అన్నం తినడం ఆలస్యమైంది. నేను తొమ్మిదింటికి కాల్ ముగించి కింద పార్కింగ్‌లోకి వెళ్లి బండి తీస్తూ ఫోన్ చేశాను. అమ్మ మాట ముద్దగా వచ్చింది. "తింటాలే... తింటాలే..." అని అదే మాట నాలుగుసార్లు. షుగర్ పడిపోతోందని తెలిసిపోయింది. పార్కింగ్‌లో సిగ్నల్ తెగిపోతోంది, ర్యాంప్ మీదికి పరిగెత్తి పక్కింటికి ఫోన్ కొట్టాను. వాళ్లు వెళ్లేసరికి చెమటతో జాకెట్ తడిసిపోయి మంచం మీద కూర్చుని ఉందట. చక్కెర నీళ్లు తాగించారు, పావుగంటకి మాట తేటగా వచ్చింది, తర్వాత అన్నం పెట్టారు. ఆ పావుగంట నేను ర్యాంప్ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. సెక్యూరిటీ ఆయన వచ్చి, "ఏమైంది సార్" అని అడిగి మంచినీళ్లిచ్చాడు.

ఆ రాత్రి తర్వాతే ఇదంతా రాయాలనిపించింది.

ఆఫీసు వల్ల మంచి లేదని అనను, అంటే అబద్ధమవుతుంది. మా టీమ్‌లో 2021లో చేరిన అమ్మాయి ఒకామె ఉంది, పొదిలి వైపు నుంచి వచ్చింది. నాలుగేళ్లు ఆమె నాకు స్క్రీన్ మీద ఒక గుండ్రటి ఫొటో. కాల్‌లో ఎప్పుడూ మాట్లాడదు, పని ఆలస్యంగా ఇస్తుంది, ఆసక్తి లేదేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు పక్క సీటు. రెండో రోజే అర్థమైంది, చిక్కు వస్తే అడగడానికి భయపడి ఒక్కతే గంటలు గంటలు కుస్తీ పడుతోంది. నేను కుర్చీ జరుపుకుని చూపిస్తే ఇరవై నిమిషాల్లో తేలిపోయింది, ఇప్పుడు తనే నన్ను పిలిచి చూపిస్తోంది. నాలుగేళ్లు ఆ పిల్ల ఒంటరిగా కష్టపడింది, అది నాకు కావలి బల్ల దగ్గర్నుంచి కనపడలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకి పక్కన ఒక మనిషి కావాలి.

కానీ అందుకోసం వారానికి ఐదు రోజులు అక్కర్లేదు. మా హాల్లో జరిగేది చూడండి, పొద్దున యాప్‌లో సీటు బుక్ చేసుకోవాలి, టీమ్ అంతా ఒకచోట దొరకదు, ముగ్గురు ఒక మూల, ఇద్దరు పై అంతస్తులో. మిగతావాళ్లు చెన్నై, పూణే. అంటే గంటసేపు బండి నడిపి ఆఫీసుకొచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కావలిలో మాట్లాడిన మనుషులతోనే, అదే స్క్రీన్ మీద మాట్లాడటం. చుట్టూ నలభైమంది ఒకేసారి మాట్లాడుతుంటే అవతలివాళ్లకి మన మాట వినపడక, మీటింగ్ రూమ్ దొరక్క, కొందరు మెట్ల మీద కూర్చుని కాల్స్ చేసుకుంటున్నారు. లెక్కకి తీసుకునేది మాత్రం గేటు దగ్గర గీకే కార్డు స్వైప్. గేటు లోపల ఎనిమిదిన్నర గంటలు. ఆ గంటల్లో పక్కవాడికి ఏం నేర్పావన్నది ఏ రిపోర్టులోనూ రాదు. టీమ్ మొత్తం నెలలో ఒక వారం కలిసి కూర్చోండి, పక్కపక్క సీట్లిస్తాం అంటే నేను మొదటి బండికి వచ్చేస్తాను. ఆ వారంలో వచ్చే లాభం నాకు కళ్లారా కనిపిస్తోంది.

ఊరి సంగతి కూడా చెప్పాలి. మా వీధీ, పక్క వీధీ కలిపి అట్లా ఇంటి నుంచి పనిచేసేవాళ్లం ఎనిమిదిమందిమి. సాయంత్రం నాలుగున్నరకి మూలమీద టీ బండి దగ్గర కలిసేవాళ్లం, పులిబొంగరాలు వేడివేడిగా వేసేది అక్క, పావుగంట నిలబడి ఎవరి కంపెనీ ఏమంటోందో చెప్పుకునేవాళ్లం. చదువుకున్న పిల్లలు ఊళ్లో ఉండటం కావలి మళ్లీ చూసింది ఆ ఐదేళ్లే. ఒకడు బడి పిల్లలకి ఆదివారం పూట కంప్యూటర్ చెప్పేవాడు, ఇంకొకడు వాళ్ల నాయన రొయ్యల గుంట లెక్కలు చూసేవాడు. ఇప్పుడు ఇద్దరు బెంగళూరు, ఒకరు చెన్నై, నాతో కలిపి నలుగురం హైదరాబాద్. ఒక్కడే మిగిలాడు. మొన్న వెళ్లినప్పుడు టీ బండి అక్క, "అందరూ పోయారు అబ్బయ్యా, సాయంత్రం పాలు మిగిలిపోతా ఉండాయి" అంది.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం ఇంటి నుంచి పనిని పెద్దయెత్తున తెస్తామన్నారు, ఊళ్లలోనే కూర్చుని పనిచేసుకునే ఆఫీసులు వస్తాయన్నారు. నాకు దాని మీద నిజంగా ఆశ ఉంది. కావలిలో ట్రంకు రోడ్డు మీద ఒక హాలు, రెండు నెట్ లైన్లు, జనరేటర్, నలభై కుర్చీలు, అంతకంటే ఏం కావాలి. కాకపోతే హాలు కడితే సరిపోదు, అక్కడ కూర్చున్న రోజుని ఆఫీసు రోజుగా లెక్కపెట్టడానికి కంపెనీలు ఒప్పుకోవాలి. అది ఒప్పించడమే అసలు పని.

జూలైలో జరిగింది నేను మా మేనేజర్‌కి చెప్పాను. చెప్పడానికి మూడు రోజులు తటపటాయించాను, ఇంటి గొడవలు ఆఫీసులో ఎందుకని. ఆయన మొత్తం విని, ఏడున్నర కాల్‌ని ఏడుముప్పావుకి జరిపారు. అమెరికా వాళ్లు కారణం కూడా అడగలేదు, సరే అన్నారు. ఒక్క పావుగంట. ఇప్పుడు మెట్ల దగ్గర నిలబడి ఇన్సులిన్ అయ్యేదాకా కంగారు లేకుండా వింటాను, ఎనిమిదింటికి కాల్ మధ్యలో పక్కింటి అమ్మాయి అన్నం కంచం ఫొటో పంపిస్తుంది. మీలో ఎవరికైనా ఇట్లాంటి పరిస్థితి ఉంటే, మూడు రోజులు ఆగకండి, ముందే చెప్పండి, అవతల కూర్చున్నవాళ్లూ అమ్మానాన్నలున్న మనుషులే.

శుక్రవారం రాత్రి బయల్దేరడం, ఆదివారం రాత్రి కావలిలో బండెక్కడం, తెల్లారేసరికి సికింద్రాబాద్, అక్కడ్నుంచి మెట్రోలో రాయదుర్గం. రెండు వారాలకోసారి. టికెట్లు అరవై రోజుల ముందే తెరుచుకుంటాయి, అప్పుడే తీసుకోకపోతే దొరకవు, తత్కాల్ స్లీపర్ ఉదయం పదకొండుకి, ఆ టైముకి నాకు స్టాండప్, టీమ్ రోజువారీ మీటింగ్. అందుకే అక్టోబర్ 10 శుక్రవారం దాకా కూర్చుని అన్నీ తీసిపెట్టాను. దసరాకి ముగ్గురికీ వెయిటింగ్ లిస్టు వచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.